అగ్ని-అశ్వ సంవత్సరం: ఒక పేరు మోసిన భయం

కాలం అఖండం. దానిలో గడులు లేవు, గట్లు లేవు, నామధేయాలు లేవు. మానవుడు తన వ్యవహార సౌకర్యం కోసం దానిని క్షణాలుగా, తిథులుగా, మాసాలుగా, సంవత్సరాలుగా విభజించుకొని ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క పేరు పెట్టుకొన్నాడు. పేరు పెట్టుకోవడంలో దోషం లేదు. తాను పెట్టిన పేరుకు తానే భయపడడం మొదలైన చోట అవిద్య ఆరంభమవుతుంది.

ఆ అవిద్య ఎంత దూరం వెళ్లగలదో తెలిపే ఉదాహరణ చైనా జంతు సంవత్సరాలలో ఒకటైన అగ్ని-అశ్వ సంవత్సరం. చైనా పంచాంగం ప్రకారం 2026 ఫిబ్రవరి 17 ఈ సంవత్సరానికి ప్రవేశ దినం. అదే ఏడాది మార్చి 19న వచ్చే ఉగాదితో తెలుగువారికి పరాభవ నామ సంవత్సరం మొదలు. అరవై ఏళ్ల క్రితం, 1966లో కూడా ఈ రెండు పేర్లే కలిసి వచ్చాయి. ఆ 1966లో జపాన్ దేశంలో జననాలు ముందటి ఏడాదితో పోలిస్తే నాలుగవ వంతు తగ్గిపోయాయి. అప్పుడు అక్కడ యుద్ధం లేదు, క్షామం లేదు, మహమ్మారి లేదు. ఉన్నది ఒక సంవత్సరం పేరు మాత్రమే.

ఒక పేరుకు అంతటి శక్తి ఎక్కడి నుండి వచ్చింది? ఆ శక్తి కాలానిదా, మనస్సుదా? ఈ ప్రశ్నకు సమాధానం చరిత్రలో సగం, శాస్త్రంలో సగం లభిస్తుంది.

అరవై ఏళ్ల చక్రం

చైనా కాలగణనలో రెండు శ్రేణులు సమాంతరంగా తిరుగుతాయి. మొదటిది పది 'దివ్య కాండాల' శ్రేణి. రెండవది పన్నెండు 'భూ శాఖల' శ్రేణి. పది కాండాలు రెండేసి చొప్పున కాష్ఠం, అగ్ని, భూమి, లోహం, జలం అనే అయిదు తత్త్వాలకు చెందుతాయి. భారతీయ పంచభూతాలకూ వీటికీ పూర్తి సామ్యం లేదు. వాయువు, ఆకాశం ఇక్కడ కనిపించవు, కాష్ఠ లోహాలు కనిపిస్తాయి. పన్నెండు శాఖలకు పన్నెండు జంతువులు: మూషికం, వృషభం, వ్యాఘ్రం, శశకం, డ్రాగన్, సర్పం, అశ్వం, మేషం, వానరం, కుక్కుటం, శునకం, వరాహం.

ప్రతి సంవత్సరం రెండు శ్రేణులూ ఒక్కొక్క అడుగు ముందుకు వేస్తాయి. పదికీ పన్నెండుకూ కనిష్ఠ సామాన్య గుణిజం అరవై కనుక, ఒకసారి కలిసిన జంట తిరిగి కలవడానికి అరవై ఏళ్లు పడుతుంది. అశ్వం పన్నెండేళ్లకొకసారి వస్తుంది. 1978లో అది భూమితో, 1990లో లోహంతో, 2002లో జలంతో, 2014లో కాష్ఠంతో కలిసింది. 2026లో అగ్నితో కలుస్తున్నది. చైనా భాషలో ఈ జంట పేరు 'బింగ్‌వూ'. బింగ్ అగ్నికి చెందిన కాండం. వూ అనే శాఖకు జంతువు అశ్వం, దిక్కు దక్షిణం, వేళ మధ్యాహ్నం, తత్త్వం మళ్లీ అగ్నియే. అగ్నిపై అగ్ని చేరినందువల్ల ఈ సంవత్సరం తీవ్రమైనదన్న భావన కలిగింది. భయానికి మూలబీజం ఇదే.

తెలుగువారికి ఈ అరవై అంకె పరాయిది కాదు. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే అరవై సంవత్సరాలు ఉగాది సంకల్పంలో వినిపించేవే. ఆకాశంలో బృహస్పతి సుమారు పన్నెండేళ్లకు రాశిచక్రాన్ని ఒకసారి చుట్టివస్తాడు. గురువు సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి, కన్యలో ప్రవేశించినప్పుడు కృష్ణకు పుష్కరాలు రావడం ఈ గమనాన్ని అనుసరించే. అయిదు ఆవృత్తులు కలిస్తే అరవై. ప్రాచీన చైనా ఖగోళవేత్తలు కూడా బృహస్పతిని 'సంవత్సర తార' అని పిలిచారు, ఆకాశాన్ని అతని గమనం ప్రకారం పన్నెండు స్థానాలుగా విభజించారు. రెండు నాగరికతలూ ఒకే గ్రహాన్ని చూసి కాలాన్ని కొలిచాయి. ఒకటి సంవత్సరాలకు ప్రభవ, విభవ వంటి భావవాచక నామాలు ఇచ్చింది. మరొకటి జంతువులనూ తత్త్వాలనూ జోడించింది.

అశ్వానికి ముందు హరిణం

జంతు నామాలు అనాదిసిద్ధమని భావించేవారికి పురావస్తు సాక్ష్యం ఒక పాఠం చెబుతుంది. చైనాలోని ఆన్యాంగ్ వద్ద లభించిన షాంగ్ వంశ కాలపు అస్థిలేఖనాలలో ఈ అరవై జంటల చక్రం ఉన్నది. మూడువేల ఏళ్లకు పైబడిన ఆ లేఖనాలలో అది దినాలను లెక్కించడానికి వాడబడింది. సంవత్సరాలకు దాని ప్రయోగం చాలా తరువాతిది. జంతువుల ప్రసక్తి ఆ అస్థిలేఖనాల దినగణనలో లేదు.

1975లో హుబెయి ప్రాంతంలోని షుయిహుదీ వద్ద ఒక సమాధిని తవ్వారు. అది క్రీ.పూ. 217 ప్రాంతానికి చెందిన ఒక రాజోద్యోగిది. దానిలో వెదురు పత్రాలపై వ్రాసిన గ్రంథాలు లభించాయి. వాటిలో ఒకటి దినాల శుభాశుభాలు చెప్పే గ్రంథం. దొంగతనం జరిగిన దినాన్ని బట్టి దొంగ రూపురేఖలను ఊహించే ప్రకరణంలో పన్నెండు శాఖలకూ జంతువులు చెప్పబడ్డాయి. అక్కడ 'వూ' శాఖకు ఉన్నది అశ్వం కాదు, హరిణం. అశ్వం దాని పక్క శాఖలో ఉన్నది. గన్సు ప్రాంతంలోని ఫాంగ్‌మాతాన్ వద్ద 1986లో లభించిన ఛిన్ కాలపు పత్రాలలో 'వూ' స్థానంలో అశ్వమే కనిపిస్తుంది. అనగా, దాదాపు ఒకే యుగంలో ఒక ప్రాంతపు జాబితాలో జింక ఉన్న చోట మరొక ప్రాంతపు జాబితాలో గుర్రం ఉన్నది. ఏ జంతువు పేరు విని తరువాతి తరాలు వణికాయో, ఆ జంతువు ఆ స్థానంలో కూర్చోవడమే ఒకానొక కాలంలో ఇంకా స్థిరపడని విషయం.

దేశాంతరాలలో ఈ మార్పు ఇంకా కొనసాగింది. వియత్నాంలో శశకం స్థానంలో మార్జాలం, వృషభం స్థానంలో మహిషం చేరాయి. జపాన్‌లో పెంపుడు వరాహానికి బదులు అడవి పందిని చెబుతారు. సంవత్సరం ఒకటే, దానికి అధిపతి అనుకొన్న జంతువు సరిహద్దు దాటగానే మారిపోయింది.

చైనాలోనే మొదటి శతాబ్దిలో వాంగ్ చోంగ్ అనే హేతువాది ఈ విశ్వాసాన్ని పరీక్షకు పెట్టాడు. 'లున్‌హెంగ్' అనే తన గ్రంథంలో అతడు వేసిన ప్రశ్న సరళమైనది. మూషికం జలతత్త్వానిది, అశ్వం అగ్నితత్త్వానిది అంటున్నారు. జలం అగ్నిని జయించేదే అయితే ఎలుక గుర్రాన్ని ఎందుకు తరిమివేయదు? కుక్కుటం లోహం, శశకం కాష్ఠం అయితే కోడి కుందేలును ఎందుకు పొడవదు? జంతువుల ప్రవర్తన వాటికి అంటగట్టిన తత్త్వాలను అనుసరించడం లేదు కనుక ఆ తత్త్వారోపణ ఊహ మాత్రమేనని అతని వాదం. పరిభాష వేరైనా, ఇది తర్కశాస్త్రం ఎరిగినవారు బాధితమైన హేతువు అనే దోషం వంటిదే: ప్రత్యక్షానికి విరుద్ధమైన అనుమానం నిలవదు.

రాజులకు హెచ్చరిక, బాలికలకు శిక్ష

అయినా భయం నిలిచింది. ఆశ్చర్యకరమైన విషయం ఏమంటే, ఒకే సంవత్సరం పేరు రెండు దేశాలలో రెండు భిన్న వ్యక్తులను లక్ష్యం చేసుకొన్నది.

చైనాలో అగ్ని-అశ్వం, దాని మరుసటి అగ్ని-మేషం కలిసి రాజ్యోపద్రవ కాలంగా ప్రసిద్ధి పొందాయి. 1126-27లో జుర్చెన్ సేనలు సోంగ్ రాజధాని కైఫెంగ్‌ను పట్టుకొని, సింహాసనం విడిచిన చక్రవర్తినీ, సింహాసనం మీది చక్రవర్తినీ, అనగా తండ్రినీ కొడుకునూ, బందీలుగా తీసుకొనిపోయాయి. ఆ రెండేళ్లూ ఈ జంట సంవత్సరాలే. 1246లో మళ్లీ అగ్ని-అశ్వం వచ్చినప్పుడు చాయ్ వాంగ్ అనే పండితుడు పూర్వ రాజవంశాల కాలంలో ఇటువంటి సంవత్సరాలలో జరిగిన ఉపద్రవాలను సంకలనం చేసి చక్రవర్తికి సమర్పించాడు. రాజ్యపాలనలో జాగరూకత కోరడం అతని ఉద్దేశం. దానికి ప్రతిఫలంగా అతనికి కారాగారం లభించింది. ఇక్కడ గమనింపదగినది: ఆ భయం ముఖ్యంగా సింహాసనం వైపు చూసేది, బలవంతుడిని ధర్మంలో ఉండమని హెచ్చరించేది.

602లో కొరియాలోని పేక్చే రాజ్యం నుండి క్వల్లుక్ అనే బౌద్ధ భిక్షువు జపాన్‌కు పంచాంగ గ్రంథాలను తీసుకొని వెళ్లినట్లు ఆ దేశపు చరిత్ర చెబుతుంది. జపాన్ భాషలో అగ్ని-అశ్వం 'హినోఎ ఉమ' అయింది. ఎదో కాలంలో, అనగా 17వ శతాబ్ది నుండి, రాజధాని నగరం కట్టెతో కట్టిన ఇళ్ల సముదాయం, అగ్నిప్రమాదం నిత్యభయం. 1657లో జరిగిన మహాదహనం నగరంలో అధిక భాగాన్ని బూడిద చేసింది. అటువంటి నగరంలో అగ్ని పేరు మోసే సంవత్సరం భయపెట్టడం సహజం. కాని ఆ భయం క్రమంగా ఇళ్లను విడిచి స్త్రీల మీద వాలింది. ఆ సంవత్సరంలో పుట్టిన ఆడపిల్ల ఉగ్రస్వభావ అవుతుందనీ, భర్త ఆయుష్షును హరిస్తుందనీ లోకవాదం పుట్టింది.

ఆ వాదానికి ఒక ముఖం కూడా దొరికింది. ఒషిచి అనే కూరగాయల వర్తకుని కుమార్తె ఒక అగ్నిప్రమాదం వేళ కుటుంబంతో కలిసి ఆలయంలో తలదాచుకొన్నది. అక్కడి యువకునిపై మనసు పడింది. ఇల్లు తిరిగి చేరిన తరువాత, మళ్లీ మంటలు లేస్తే మళ్లీ అతనిని చూడవచ్చునన్న బాల్య చాపల్యంతో నిప్పు పెట్టినదని కథ. 1683లో ఆమెకు దహన శిక్ష అమలైంది. మూడేళ్లకే, 1686లో, ఇహారా సైకాకు అనే ప్రసిద్ధ రచయిత ఆమె కథను తన గ్రంథంలో చేర్చాడు. తరువాతి కాలపు నాటకాలు, బొమ్మలాటలు ఆమె 1666లో, అనగా అగ్ని-అశ్వ సంవత్సరంలో, పుట్టినదని ప్రచారం చేశాయి. అయితే కథ ప్రకారం ఆమె వయస్సు పదహారు. జపాన్ పాత లెక్కలో పుట్టిన ఏడాదినే ఒకటిగా గణిస్తారు. ఆ లెక్కన ఆమె జన్మ సంవత్సరం 1666 కాజాలదు. సంవత్సరం ఆమె స్వభావాన్ని నిర్ణయించలేదు. ఆమె విషాదానికి తగిన సంవత్సరాన్ని లోకం వెదకి తెచ్చింది.

పుట్టని పిల్లలు

1906లో అగ్ని-అశ్వం తిరిగి వచ్చింది. ఆ ఏడాది జపాన్ జనన నమోదులలో బాలికల సంఖ్య అస్వాభావికంగా తగ్గింది. ముందు వెనుక సంవత్సరాలలో పెరిగింది. తలిదండ్రులు కుమార్తె జన్మదినాన్ని 1905 చివరికో 1907 మొదటికో జరిపి వ్రాయించారని పరిశోధకుల నిర్ణయం. అసత్యమే అయినా అది ప్రేమతో పలికిన అసత్యం. అలా మార్చకుండా నిజం వ్రాయించిన ఇళ్ల బాలికలు యుక్తవయస్సుకు వచ్చాక వివాహ సంబంధాల విషయంలో అనుభవించిన అవమానాలు ఆనాటి జపాన్ సమాజానికి తెలిసినవే.

వారి దుఃఖాన్ని చూసిన తరం 1966 నాటికి ఇంకా జీవించి ఉన్నది. అప్పటి జపాన్ వెనుకబడిన దేశం కాదు. 1964లో తోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి; అదే ఏడాది షింకాన్‌సెన్ అతివేగ రైలు నడిచింది. అక్షరాస్యత దాదాపు సంపూర్ణం. అటువంటి దేశంలో 1965లో సుమారు 18 లక్షల 24 వేల మంది శిశువులు జన్మించగా, 1966లో ఆ సంఖ్య 13 లక్షల 61 వేలకు దిగింది. 1967లో మళ్లీ 19 లక్షల 36 వేలకు ఎగసింది. గర్భనిరోధక సాధనాలు అందుబాటులో ఉన్నవి. గర్భస్రావం 1948 నుండి చట్టసమ్మతం. కనుక దంపతులు ఆ ఒక్క సంవత్సరాన్ని దాటవేశారు.

వారందరూ మూఢవిశ్వాసులని అనుకోవడం తొందరపాటు. చాలామంది మనస్సులో మెదలిన మాట వేరు: 'మాకు నమ్మకం లేదు, కాని రేపు ఈ పిల్లను చూడవచ్చే ఇంటివారు నమ్మితే?' అవిద్య సంఘంలో నిలిచే తీరు ఇదే. ప్రతి ఒక్కరూ ఎదుటివాని నమ్మకానికి భయపడతారు. ఎవరూ పూర్తిగా నమ్మకపోయినా అందరూ పాటించే ఆచారం అలా బలపడుతుంది.

మరొక సూక్ష్మం ఉన్నది. భయం ఆడపిల్ల గురించి. కాని గర్భస్థ శిశువు ఆడో మగో తెలిసే మార్గం అప్పుడు లేదు. అందువల్ల బాలికలతో పాటు బాలురు కూడా తగ్గిపోయారు. ఆ మార్గం తెలిసిన తరువాత ఏమి జరుగుతుందో 1990లో దక్షిణ కొరియా చూపింది. అక్కడ లోహ-అశ్వ సంవత్సరాన్ని 'శ్వేతాశ్వం' అంటారు. ఆ ఏడాది పుట్టిన స్త్రీ గురించీ ఇటువంటి అపవాదమే. పుత్రాపేక్ష బలంగా ఉన్న ఆ సమాజానికి అప్పటికి గర్భస్థ శిశువును చూపే యంత్రం చేతికి వచ్చింది. ఆ ఏడాది నూరుగురు బాలికలకు 116.5 మంది బాలురు జన్మించారు. ప్రకృతి సహజమైన నిష్పత్తి 105 ప్రాంతం. విజ్ఞానం పెరిగినంత మాత్రాన వివేకం పెరగదు. పాత భయానికి కొత్త ఆయుధం దొరికిందంతే.

ఆశ కూడా భయం వలెనే పనిచేస్తుంది. డ్రాగన్ సంవత్సరంలో పుట్టిన బిడ్డ భాగ్యవంతుడవుతాడన్న నమ్మకంతో 1976, 1988 సంవత్సరాలలో తైవాన్, సింగపూర్ వంటి చోట్ల చైనా మూలాల కుటుంబాలలో జననాలు పెరిగాయి. భాగ్యం కోరి కన్న ఆ పిల్లలకు నిక్కముగా దక్కినది ఎక్కువ మంది సహపాఠులతో ఎక్కువ పోటీ.

అపవాదం మాటేమిటి? 1966 సెప్టెంబరు 11న పుట్టిన ఒక బాలిక 1990లో జపాన్ రాజకుటుంబంలో కోడలుగా ప్రవేశించింది. ఆమె యువరాణి కికో. ఆమె భర్త ఫుమిహితో నేడు ఆ దేశపు యువరాజు. వారి కుమారుడు హిసాహితో సింహాసన వారసత్వ క్రమంలో తండ్రి తరువాతి వాడు. భర్తను హరిస్తుందని లోకం చెప్పిన సంవత్సరపు పుత్రిక రాజవంశపు వారసుణ్ణి కన్నది.

కాలం సాధారణ కారణం

ఇప్పుడు ప్రశ్న శాస్త్రం ముందుకు వస్తుంది. కాలం జీవుని భాగ్యానికి కారణమా?

శ్వేతాశ్వతరోపనిషత్తు ఆరంభంలోనే బ్రహ్మవాదులు ఈ ప్రశ్నను చర్చిస్తారు. జగత్తుకు కాలం కారణమా, స్వభావమా, నియతియా, యాదృచ్ఛికమా అని ఒక్కొక్కటిగా పరిశీలించి, ఇవేవీ స్వతంత్ర కారణాలు కావని గ్రహించి, ధ్యానయోగంతో వీటన్నింటినీ అధిష్ఠించిన దేవాత్మశక్తిని దర్శిస్తారు. కాలం తిరస్కృతం కాలేదు. దాని స్థానం నిర్ణీతమైంది. అది పాలితం, పాలకం కాదు.

న్యాయ వైశేషికులు ఈ స్థానాన్ని మరింత స్పష్టపరిచారు. ఆంధ్రుడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 'తర్కసంగ్రహం'లో కాలాన్ని గతం, వర్తమానం, భవిష్యత్తు అనే వ్యవహారానికి హేతువుగా నిరూపించి, అది ఒక్కటేననీ, సర్వవ్యాపి అనీ, నిత్యమనీ తేల్చాడు. పుట్టే ప్రతి వస్తువుకూ కాలం కారణమే. అందుకే అది సాధారణ కారణం. అందరికీ సమానంగా ఉన్న కారణం ఒకరికీ మరొకరికీ ఉన్న భేదాన్ని వివరించలేదు. ఒకే వర్షం కురిసిన పొలంలో వేప చేదుగా, మామిడి తీపిగా ఎదిగితే ఆ భేదాన్ని వర్షంలో వెదకరు, బీజంలో వెదకుతారు. ఒకే సంవత్సరంలో పుట్టిన లక్షలాది జీవుల సుఖదుఃఖాలు భిన్నమైనప్పుడు, ఆ భేదానికి హేతువు వారి వారి అదృష్టం, అనగా ధర్మాధర్మ రూపమైన కర్మసంస్కారం. బ్రహ్మసూత్రాలలోని వైషమ్య నైర్ఘృణ్యాధికరణం కూడా సృష్టిలోని వైషమ్యానికి జీవుల కర్మనే అపేక్షగా చెప్పి ఈశ్వరునికి పక్షపాత దోషం లేదని నిరూపిస్తుంది. ఈశ్వరునికే అంటని పక్షపాతాన్ని ఒక పంచాంగపు గడికి అంటగట్టడం ఎంతవరకు సమంజసం?

ఒక ఉదాహరణతో ఇది ఇంకా విశదమవుతుంది. జపాన్ 1873లో పాశ్చాత్య పంచాంగాన్ని స్వీకరించింది. అప్పటి నుండి జంతు సంవత్సరాన్ని కూడా జనవరి 1 నుండే లెక్కించడం వాడుక అయింది. చైనాలో అది చాంద్రమానం ప్రకారం 1966 జనవరి 21న ప్రవేశించింది. తెలుగువారి పరాభవ సంవత్సరం ఆ ఏడాది మార్చి నెలలో మొదలైంది. 1966 జనవరి 10న ఒక శిశువు జన్మించిందనుకొందాం. జపాన్‌లో ఆ బిడ్డ అగ్ని-అశ్వం. చైనాలో కాష్ఠ-సర్పం. తెలుగునాట విశ్వావసు. క్షణం ఒకటే, శిశువు ఒకటే, పేర్లు మూడు. ఏ పేరు ఆ బిడ్డ స్వభావాన్ని నిర్మించింది? దేశభేదంతో, ప్రభుత్వ నిర్ణయంతో మారిపోయేది వస్తుధర్మం కాజాలదు. అది సంకేతం.

జ్యోతిషం వేదాంగమే కదా అన్న శంక కలుగవచ్చు. వేదాంగంగా దాని ప్రధాన ప్రయోజనం కర్మానుష్ఠానానికి కాలనిర్ణయం. వరాహమిహిరుడు బృహత్సంహితలో బృహస్పతి చారాన్నీ అరవై సంవత్సరాల ఫలాలనూ వివరించాడు. అవి వర్షం, సస్యం, ప్రజాక్షేమం వంటి సామూహిక విషయాలు. ఉగాదినాటి పంచాంగ శ్రవణానికి ఇదే ధోరణి. ఊరంతా కలిసి రాబోయే ఏడాదికి సన్నద్ధం కావడం దాని భావం. పరాభవ నామ సంవత్సరం వచ్చిందని తెలుగువారు పరాజయాన్ని ఆహ్వానించరు. ఉగాది పచ్చడిలో వేపపువ్వుతో పాటు బెల్లాన్నీ కలిపి స్వీకరిస్తారు.

జంతువుల కరుణా సంచారం

పన్నెండు జంతువులకు భయం తప్ప మరొక అర్థం లేదా? ఉన్నది. దాని జాడ భారతదేశం వైపు చూపుతుంది.

5వ శతాబ్దిలో మధ్య భారతం నుండి చైనాకు వెళ్లిన ధర్మక్షేముడు మహాసన్నిపాత సూత్రాన్ని చైనా భాషలోకి అనువదించాడు. ఆ గ్రంథంలో పన్నెండు జంతువుల వర్ణన ఉన్నది. జంబూద్వీపానికి వెలుపల నాలుగు దిక్కుల సముద్రాలలో ఉన్న పర్వత గుహలలో అవి నివసిస్తూ కరుణను అభ్యసిస్తాయి. వంతులవారీగా ఒక జంతువు జంబూద్వీపంలో సంచరించి, తన జాతి జీవులకు దుష్కర్మ విడువమనీ సత్కర్మ చేయమనీ బోధిస్తుంది. తక్కిన పదకొండూ తపస్సులో ఉంటాయి. ఆ జాబితాలో వ్యాఘ్రానికి బదులు సింహం ఉండడం దాని భారతీయ పరిమళాన్ని తెలుపుతుంది. ఈ దృష్టిలో అశ్వపు వంతు అంటే శాపగ్రస్తమైన కాలం కాదు. కరుణను బోధించే బాధ్యత ఆ వేళ అశ్వానిదని అర్థం.

టిబెట్ రెండు సంప్రదాయాలనూ కలుపుకొన్నది. కాలచక్ర తంత్రం ప్రవేశంతో 1027 నుండి అక్కడ అరవై ఏళ్ల ఆవృత్తులు లెక్కించారు. ఆ ఆవృత్తికి పేరు 'రబ్‌జుంగ్'. అది సంస్కృత 'ప్రభవ' శబ్దానికి టిబెటన్ అనువాదం. చైనా చక్రం కాష్ఠ-మూషికంతో ఆరంభం కాగా, టిబెట్ చక్రం అగ్ని-శశకంతో ఆరంభమవుతుంది. ఎందుకంటే ప్రభవ సంవత్సరం దానితో కలిసి వచ్చింది. 1987లో తెలుగువారికి ప్రభవ వచ్చినప్పుడు టిబెట్‌లో పదిహేడవ రబ్‌జుంగ్ మొదలైంది. కాలచక్రాన్ని బుద్ధుడు మొదట ధాన్యకటక స్తూపం వద్ద బోధించాడని టిబెట్ సంప్రదాయం. ఆ ధాన్యకటకమే కృష్ణాతీరంలోని అమరావతి. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర దీక్షను అక్కడ నిర్వహించడం ఆ స్మృతి వల్లనే.

అగ్ని, అశ్వం, సంవత్సరం అనే మూడు పదాలూ కలిసే చోటు భారతీయ వాఙ్మయంలో ఒకటి ఉన్నది. బృహదారణ్యకోపనిషత్తు అశ్వమేధాశ్వ ఉపాసనతో ఆరంభమవుతుంది. అక్కడ ఉషస్సు ఆ అశ్వానికి శిరస్సు, సూర్యుడు నేత్రం, వాయువు ప్రాణం, వైశ్వానరాగ్ని తెరచిన నోరు, సంవత్సరం దాని శరీరం. చైనాలో రాజ్యభయాన్నీ జపాన్‌లో స్త్రీభయాన్నీ రేపిన అవే మూడు పదాలు ఇక్కడ విశ్వరూప ధ్యానానికి సోపానమయ్యాయి. పదాలలో భేదం లేదు. చూసిన దృష్టిలో భేదం ఉన్నది.

సాధకునికి దర్పణం

పరదేశపు మౌఢ్యాన్ని చూసి నవ్వుకోవడం ఈ చరిత్ర ప్రయోజనం కాదు. మూలా నక్షత్రంలో పుట్టిన కన్య మామగారికి, ఆశ్లేషలో పుట్టిన కన్య అత్తగారికి అరిష్టమన్న మాట తెలుగు ఇళ్లలో నేటికీ సంబంధాలను చెడగొడుతున్నది. విచిత్రం ఏమంటే, శరన్నవరాత్రులలో అదే మూలా నక్షత్రం నాడు విజయవాడ ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మకు సరస్వతీ అలంకారం చేస్తారు. ఆ దినం అమ్మవారి జన్మనక్షత్రమని భక్తులు కిక్కిరిసి దర్శనం చేసుకొంటారు. జగన్మాతకు పరమ మంగళమైన నక్షత్రం ఆమె అంశయైన కన్యకు అమంగళం ఎలా అవుతుంది? కొండపై మ్రొక్కిన చేతులే దిగివచ్చి జాతకాన్ని తిరగగొడితే, ఆ దర్శనం కంటితో ముగిసినట్లే, మనస్సును చేరనట్లే.

ఒషిచి కథలో, 1906 నాటి కుమార్తెల కన్నీటిలో, 1966లో పుట్టని శిశువులలో కనిపించే కర్మ గ్రహాలది కాదు, సంవత్సరాలది కాదు. అది మనుష్యుల కర్మ. ఒక పేరును భయంగా మార్చినవారు, ఆ భయాన్ని పాటించినవారు, దానికి ఎదురు చెప్పక మౌనం వహించినవారు అందరూ దానిలో భాగస్వాములే. అలాగే భయాన్ని త్రోసి 1966లో బిడ్డను కని పెంచిన పదమూడు లక్షలకు పైగా తల్లుల ధైర్యమూ కర్మయే. దాని ఫలం సాక్షాత్తు కనిపిస్తున్నది.

జపాన్‌లో అరవయ్యవ ఏట 'కన్రెకి' అనే వేడుక చేస్తారు. జన్మ సంవత్సరపు పేరు తిరిగి వచ్చినందుకు, శిశువు వలె పునర్జన్మ పొందినట్లు భావించి, ఎర్రని చొక్కా, ఎర్రని టోపీ ధరింపజేస్తారు. తెలుగువారి షష్టిపూర్తి భావన కూడా ఇదే. 2026లో అగ్ని-అశ్వం తిరిగి రావడంతో, ఏ ఆడపిల్లల రాకను ఒక దేశం అంతగా శంకించిందో ఆ పిల్లలు అరవై ఏళ్లు నిండిన తల్లులుగా, అమ్మమ్మలుగా, నాయనమ్మలుగా ఎర్రని వస్త్రం ధరించి పిల్లాపాపల నడుమ కూర్చుంటారు. సంవత్సరం వారిని ఏమీ చేయలేదు. ఆ సంవత్సరానికి అర్థం వారి జీవితాలే ఇచ్చాయి.

స్వస్తి.